ఆదివారం గ్రౌండుకి ఏ కుక్కయినా రావచ్చు

ఈ నెల కవర్లు విప్పితే సగానికి సగం ఒకటే సంగతి. పోయిన సంచికలో మా ఆదివారం గ్రౌండు గురించి రెండు ముక్కలు రాశాను, దానికే ఇన్ని ఉత్తరాలు. కొత్తగా చదువుతున్నవాళ్లకి నా గురించి చెప్పేస్తాను: నేను పోలీసు కుక్కల దగ్గర చాలా ఏళ్లు హ్యాండ్లర్‌గా చేసి రిటైరయ్యాను. ఇప్పుడు విజయనగరం శివారులో పదీ పన్నెండు మందిమి కలిసి ఆదివారం పొద్దున్నే కుక్కలకి పని నేర్పుకుంటున్నాం. నేను డాక్టర్ని కాదు. జబ్బులూ మందులూ అయితే పశువైద్యుడి దగ్గరికే వెళ్లండి, అవి నన్నడగొద్దు.

ప్రశ్న: మేం ఐదుగురం ఫ్రెండ్స్. ఒక జర్మన్ షెపర్డ్, ఒక డాబర్‌మాన్, ఒక రాట్‌వీలర్, రెండు ల్యాబ్రడార్లు ఉన్నాయి. వీడియోలు చూసి నాగావళి ఇసకలో ట్రైనింగ్ ఇస్తున్నాం. క్లబ్బు పెట్టి పోటీలకి వెళ్లాలని కోరిక. కానీ ఊళ్లోవాళ్లు 'కుక్కలకి కరవడం నేర్పుతున్నారు' అని గొడవ పెడుతున్నారు. ఎలా మొదలెట్టాలి? (ఆమదాలవలస)

తమ్ముడూ, ఊళ్లోవాళ్లని నేను తప్పు పట్టలేను. మీరు ఆరు ఫొటోలు పంపారు, ఆరింట్లోనూ కుక్క స్లీవు (చేతికి వేసుకునే దళసరి తొడుగు) పట్టుకుని వేలాడుతోంది. ఆ పక్కనుంచి బిందె పట్టుకుని వెళ్లే మనిషికి మీరేం చేస్తున్నట్టు కనిపిస్తారు చెప్పండి?

మీరు ఏ ఆట ఆడాలనుకుంటున్నారో దాని పుట్టుక కాస్త తెలుసుకోండి. జర్మనీలో 1899లో మాక్స్ వాన్ స్టెఫానిట్జ్ అనే మాజీ అశ్వికదళ అధికారి జర్మన్ షెపర్డ్‌ల కోసం సంఘం పెట్టాడు. కుక్క చూడ్డానికి ఎలా ఉందన్నది తర్వాత, ముందు పనికొస్తుందా లేదా అన్నది ఆయన పట్టు. ఏ కుక్కతో పిల్లలు పెట్టించాలి, దేన్ని వద్దనుకోవాలి అని తేల్చుకోవడానికి పెట్టుకున్న పరీక్షే షుట్స్‌హుండ్. తర్వాత దానికి ఐపీఓ అని పేరు మారింది, 2019 నుంచి ఐజీపీ అంటున్నారు. అందులో మూడు భాగాలు: జాడ పట్టడం (మనిషి నడిచిన దారిని వాసనతో పట్టుకోవడం), మాట వినడం, రక్షణ. ఒక్కోదానికి 100 మార్కులు, మొత్తం 300, ప్రతి భాగంలోనూ 70 వస్తేనే పాస్.

మీ ఫొటోల్లో ఉన్నది ఆ మూడో భాగం, అందులోనూ ఒక తునక. ఎందుకంటే అసలు పరీక్షలో కుక్క గ్రౌండులో ఉన్న మాటుల చుట్టూ తిరిగి హెల్పర్‌ని, అంటే స్లీవు తొడుక్కుని దాక్కున్న మనిషిని, వెతకాలి, అతను కదలకుండా నిలబడితే ఒంటిమీద పన్ను పెట్టకుండా మొరుగుతూ కాపలా ఉండాలి, స్లీవు పట్టుకున్నాక హ్యాండ్లర్ 'ఔట్' అనగానే వదిలెయ్యాలి. మూడోసారి చెప్పినా వదల్లేదా, అప్పటిదాకా ఎన్ని మార్కులొచ్చినా ఇంటికే. పట్టుకోవడం ఏ కుక్కకైనా వచ్చు, వదలడం నేర్పడానికే నెలలు పడుతుంది. మీ రాట్‌వీలర్ ఒక్క మాటకి వదులుతుందా? మీరు రాయలేదు కాబట్టి వదలదనే అనుకుంటున్నాను.

అందుకని నా మాట వింటే ఒక ఏడాదిపాటు స్లీవు అటక మీద పెట్టేయండి. కుక్కకి పట్టుకుని లాగే సరదా తీరాలంటే గోనెపట్టా మడిచి కుట్టి, మీరే ఆడించండి. నెల్లిమర్ల జూట్ మిల్లు ఉన్న ప్రాంతం మనది, గోగునార పండించే రైతులున్న ప్రాంతం, మనకి గోనెకి కరువా? విదేశీ బొమ్మకి వేలు తగలెయ్యక్కర్లేదు.

ఆ ఏడాదీ జాడ మీద పెట్టండి. నన్నడిగితే ఈ ఆట మొత్తంలో అందమైనది అదే, కానీ దాన్ని ఎవరూ వీడియో తియ్యరు, చూడ్డానికి ఏమీ ఉండదు కాబట్టి. కుక్క తల వంచుకుని పోతుంది, పది మీటర్ల తాడు వెనక మనిషి నోరు మూసుకుని పోతాడు, అంతే. ఐజీపీ 1లో, అంటే మొదటి మెట్టులో, జాడ కనీసం 300 అంగలు, అదీ మనమే నడిచిన దారి, నడిచిన 20 నిమిషాలకి మొదలెట్టాలి, దారిలో పడేసిన రెండు వస్తువుల్ని కుక్క చూపించాలి. ఐజీపీ 3కి వచ్చేసరికి 600 అంగలు, అదీ ఎవరో కొత్త మనిషి గంట క్రితం నడిచిన దారి, వస్తువులు మూడు. మొదటిరోజు మాత్రం మీరు చెయ్యాల్సింది పది పదిహేను అంగలే. పాదం పక్కన పాదం ఆనేలా చిన్న అంగలు వేస్తూ, ప్రతి అడుగులో చికెన్ ముక్క ఒకటి నొక్కి పెట్టండి, శనగగింజంత చాలు. గాలి మీ వీపువైపు నుంచి ఉండాలి. ఎదురుగాలి అయితే ముందున్న ముక్కల వాసన గాలిలోనే తగిలి కుక్క తల ఎత్తేస్తుంది.

ఇసక ఈ పనికి అంత మంచిది కాదు. మనిషి వాసన ఒక్కటే కాదు, నలిగిన గడ్డి, కదిలిన మన్ను, వీటి వాసన కూడా కలిస్తేనే జాడ. వరి కోసిన మడి చాలా బాగుంటుంది, కానీ మన దగ్గర కోతకి ముందే మినుములో పెసలో చల్లేస్తారు కదా, మోడు మడి ఖాళీగా ఉందనుకుని దిగితే మొలకలన్నీ తొక్కేస్తారు. రైతునడిగి దిగండి. అడిగిన రైతు గట్టు మీద నిలబడి చూస్తాడు, చూసినవాడు ఊళ్లో చెప్తాడు. గొడవ సగం అక్కడే తగ్గుతుంది.

జాడతోపాటు మాట వినడం కూడా. ఐజీపీకి వెళ్లేముందు బీహెచ్ అనే పరీక్ష పాసవ్వాలి, దానికి కుక్కకి 15 నెలలు నిండాలి. గ్రౌండులో 60 మార్కులకి 42 తెచ్చుకోవాలి, అది కాక రోడ్డు పరీక్ష వేరే: సైకిళ్లు, పరిగెత్తే మనుషులు, కార్లు, వేరే కుక్కలు పక్కనుంచి పోతున్నా మీ కుక్క పట్టించుకోకూడదు. దీనికి వేరే గ్రౌండెందుకు, శ్రీకాకుళం రోడ్ స్టేషన్ బయట రైలొచ్చే టైముకి ఓ పక్కగా నిలబడండి, అన్నీ దొరుకుతాయి. దూరంగా మొదలెట్టి వారానికి కొంచెం దగ్గరికి రండి, అంతేగానీ మొదటిరోజే ఆటోల మధ్యలోకి లాక్కెళ్లొద్దు.

క్లబ్బు కాగితాల సంగతి: ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం 2001 ప్రకారం కనీసం ఏడుగురు ఉండాలి. మీరు ఐదుగురే, ఇంకా ఇద్దరు కావాలి. ఆ ఇద్దరూ మీలాంటి కుర్రాళ్లే కానక్కర్లేదు, తిట్టిపోస్తున్నవాళ్లలో ఒక పెద్దమనిషిని పిలవండి, నేను నవ్వులాటకి అనడం లేదు. ప్రతి కుక్కకీ రేబిస్ టీకా కార్డు ఉండాలి, కార్డు లేని కుక్క గ్రౌండులోకి రాకూడదు, అది ప్రెసిడెంటు గారి కుక్కయినా సరే. ఎవరికైనా పన్ను గీరుకుంటే సబ్బూ, ధారగా నీళ్లూ పెట్టి పదిహేను నిమిషాలు కడిగి వెంటనే ఆసుపత్రికి, కుక్కకి టీకా ఉన్నా సరే. ఇంకోటి, పెంపుడు జంతువు విషయంలో అజాగ్రత్తగా ఉండి మనుషులకి ప్రమాదం తెస్తే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 291 కింద ఆరు నెలల దాకా జైలు, ఐదు వేల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. భయపెట్టడానికి కాదు గానీ ఐదుగురికీ తెలిసి ఉండాలి.

ప్రశ్న: మా వీధిలో దొరికిన నాటుకుక్కని పెంచుకుంటున్నాను, రెండేళ్లది, చాలా చురుకు. ఒక చోట ట్రైనింగ్ ఇస్తారంటే తీసుకెళ్లాను. పేపర్లున్నాయా అని అడిగారు, లేవంటే నవ్వారు. అందరూ మగవాళ్లే, ఒకాయన 'మీవారిని పంపండమ్మా' అన్నారు. మళ్లీ వెళ్లాలంటే మనసొప్పడం లేదు. నాటుకుక్కకి ఇలాంటివి పనికిరావా? (విజయనగరం)

అమ్మా, మీ ఉత్తరం చదివి నాకు కొంచెం సిగ్గేసింది. ఎందుకంటే చాలాకాలం క్రితం నేనూ ఒకర్ని చూసి అలాగే నవ్వాను. పాల కేంద్రంలో పనిచేసే కుర్రాడు, తోక వంకర తిరిగిన ఎర్రకుక్కని కొబ్బరితాడుతో పట్టుకుని వచ్చాడు. మేమంతా ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. అతను మళ్లీ రాలేదు. ఆ ఎర్రకుక్క వచ్చిన పావుగంటలో మా డాబర్‌మాన్‌ల అరుపులకి చెవి కూడా కదపలేదని నాకు తర్వాతెప్పుడో తట్టింది, అలాంటి నిబ్బరం ఉన్న కుక్క కోసం మేం వేలు పోసి వెతుక్కుంటాం.

మీరడిగినదానికి సూటిగా చెప్తాను. డాగ్ షో వేరు, పని పరీక్ష వేరు. షో అంటే జాతి లక్షణాలు చూస్తారు కాబట్టి కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ అడుగుతారు, అందులో తప్పులేదు. కానీ బీహెచ్, ఐజీపీ లాంటి వాటికి అంతర్జాతీయ కుక్కల సంస్థ ఎఫ్‌సీఐ రాసుకున్న నియమాల్లో జాతి ఇదే ఉండాలని లేదు, పేపర్లు లేని కుక్కలు కూడా రావచ్చు, ఆ పని చెయ్యగల ఒళ్లూ ఓపికా ఉంటే చాలు. ఇక్కడ పోటీ పెట్టేవాళ్లు తమకంటూ వేరే షరతులు పెట్టుకోవచ్చు, అందుకని ఫీజు కట్టేముందు ఫోన్ చేసి అడగండి.

నాటుకుక్క పనికిరాదనేవాళ్లకి ఈ పేర్లు చెప్పండి. పశ్చిమ బెంగాల్ పోలీసుల దగ్గర ఆశా, ఉత్తరాఖండ్ పోలీసుల దగ్గర ఠేంగా, రెండూ వీధికుక్కలే, రెండూ ట్రైనింగ్ అయి వాసన పట్టే పనిలో చేరాయి. కర్ణాటక ముధోల్ వేటకుక్కల్ని సైన్యం మీరట్‌లో తన కేంద్రానికి తీసుకెళ్లి మరీ నేర్పింది.

కాకపోతే ఒక్క నిజం చెప్పాలి, లేకపోతే రేపు మీరు నన్నే తిట్టుకుంటారు. జర్మన్ షెపర్డ్‌కి మనిషి మొహం చూస్తూ పని చెయ్యడం పుట్టుకతోనే కొంత ఉంటుంది, వందేళ్లుగా అలా ఏరి ఏరి పెంచారు కాబట్టి. వీధిలో పుట్టినది తన బుర్రతో తను బతికింది, ఒకే పని ఇరవైసార్లు చేయిస్తే 'ఏటి నీ గోల' అన్నట్టు చూసి పక్కకెళ్లి కూర్చుంటుంది. అది మొండితనం కాదు. ఐదుసార్లు చేయించి ఆపేయండి, ఆరోది చెయ్యాలని దానికి ఇంకా ఉండగానే. స్లీవు మీద దానికి మోజు కలగకపోవచ్చు, జాడలో మాత్రం మా షెపర్డ్‌లని దాటిపోయినా నేను ఆశ్చర్యపోను.

'మీవారిని పంపండి' అన్నాయనకి ఈ పని తెలియదని అర్థం. కుక్కని బలంతో లాగేవాడే మగతనం గురించి మాట్లాడతాడు. ఈ పనికి కావాల్సింది టైమింగ్: కుక్క సరిగా కూర్చున్న ఆ అరక్షణంలోనే 'శభాష్' అనగలగాలి, కూర్చుని లేచిపోయాక అంటే లేచినందుకు మెచ్చుకున్నట్టు. మా గ్రౌండులో ఆ చెయ్యి అందరికన్నా బాగా తిరిగినది ఒక స్కూలు టీచరమ్మకి, పిల్లల దగ్గర అలవాటయిందంటుంది. మీరు రండి. మొదటివారం కుక్క లేకుండా వచ్చి కూర్చుని చూడండి, మేం మనుషులం ఎలాంటివాళ్లమో తేల్చుకున్నాకే దాన్ని తీసుకురండి. కొత్తగా వచ్చే ఎవరికైనా ఇదే చెప్తాం.

ప్రశ్న: మాలినోయిస్ జాతి కుక్కపిల్లని కొని, ఐదో నెలలో ఒక ట్రైనర్ దగ్గర మూడు నెలలు వదిలాను. బాగానే డబ్బు తీసుకున్నాడు. తిరిగొచ్చాక అతను చెప్తే అన్నీ చేస్తోంది, నేను పిలిస్తే తోక ముడిచి మంచం కిందికి పోతోంది. చెయ్యెత్తితే ఉచ్చ పోస్తోంది. ఏం చెయ్యాలి? (బొబ్బిలి)

బాబూ, ముందు ఒక సంగతి ఆలోచించండి. పోలీసుల్లో గానీ, సీఆర్పీఎఫ్‌లో గానీ, కుక్క ఒక్కదాన్నీ ట్రైనింగుకి పంపరు. హ్యాండ్లర్‌ని కూడా పంపుతారు. ఇద్దరూ నెలల తరబడి కలిసి తిని, కలిసి తిరిగి, కలిసి నేర్చుకుంటారు. ఎందుకంటే కుక్క నేర్చుకునేది పని మాత్రమే కాదు, ఈ మనిషితో పని చెయ్యడం. మీరు వదిలి వచ్చారు, అది అతనితో నేర్చుకుంది. నేర్చుకున్నది కూడా ఎక్కువగా భయంతో అని మీరు రాసిన లక్షణాలే చెప్తున్నాయి. మెడ చుట్టూ బొచ్చు విడదీసి చూడండి, చిన్న గుండ్రటి పుండ్లు గానీ మచ్చలు గానీ రెండు పక్కపక్కన ఉంటే కరెంటు కాలర్ వాడి ఉండొచ్చు. ఎనిమిది నెలల పిల్ల మీద! వేల్స్‌లో 2010లోనే ఆ కాలర్లని నిషేధించారు. మన దగ్గర ఆన్‌లైన్‌లో ఎవడికైనా దొరుకుతాయి.

ముందు డాక్టరుకి చూపించండి, ఉచ్చ పొయ్యడానికి ఒంట్లో కారణం ఏదైనా ఉందేమో తేలుతుంది. గరివిడి పశువైద్య కళాశాల మీకు మరీ దూరమేం కాదు.

తర్వాత నెలరోజులు ట్రైనింగ్ మాటే ఎత్తకండి. సిట్ లేదు, డౌన్ లేదు. ఆ మాటలే దానికి దెబ్బని గుర్తుచేస్తున్నాయి, మళ్లీ నేర్పేటప్పుడు కొత్త మాటలు పెట్టుకోండి, 'కూర్చో', 'పడుకో' అంటే సరిపోతుంది. రోజూ తిండి మీ చేతినుంచే, నేలమీద కూర్చుని, దానికి పక్కగా తిరిగి, కళ్లలోకి చూడకుండా. చెయ్యి పైనుంచి తలమీదికి తేవొద్దు, కిందనుంచి ఛాతీ దగ్గరికి తీసుకెళ్లండి. మంచం కిందికి పోతే పోనివ్వండి, ఎవరూ లాగకూడదు, మీ ఇంట్లో పిల్లలకి ఇది గట్టిగా చెప్పండి, భయపడిన కుక్కని మూలలోంచి లాగితేనే కరుస్తుంది. పిలవడం ఒక్కటే కొత్తగా మొదలెట్టండి: మీ దగ్గరికి రెండడుగులు వచ్చినా సరే తిండి పెట్టి మళ్లీ వదిలెయ్యండి. స్నానం చేయించడానికి, గొలుసు వెయ్యడానికి, తిట్టడానికి ఎప్పుడూ పిలవొద్దు, అప్పుడు మీరే లేచి దాని దగ్గరికి వెళ్లండి.

మాలినోయిస్ త్వరగా బెదిరిపోతుంది గానీ త్వరగా తేరుకుంటుంది కూడా, ఆ జాతిలో మంచీ చెడూ అదే. అయితే ఇంకో మాట. రోజుకి రెండుపూటలా దానికి పని చెప్పే తీరిక మీకుందా? మందల్ని కాయడానికి పుట్టిన కుక్క, వరండాలో కట్టేస్తే సోఫాని కాస్తుంది. తీరిక లేకపోతే నలుగురున్న క్లబ్బులో చేరండి, ఒక్కరే మొయ్యలేరు.

ప్రశ్న: మాది జీడిపప్పు వ్యాపారం. ట్రైనింగులో బిస్కెట్ బదులు జీడిపప్పు పెట్టొచ్చా? (పలాస)

పలాసవాళ్లు కాక ఇంకెవరు అడుగుతారు ఇది! ఉప్పూ కారం లేకుండా వేయించింది ఒకటీ అరా విషమేం కాదు. కానీ ట్రైనింగ్ అంటే పూటకి యాభై ముక్కలు వెళ్తాయి, అంత కొవ్వు లోపలికెళ్తే క్లోమానికి వాపొచ్చి ప్రాణం మీదికొస్తుంది. తొక్క తియ్యని గింజలు అసలే వద్దు, ఆ జీడిరసం మన చేతులనే కాల్చేస్తుంది. ఉడికించిన చికెన్, ఉప్పులేని ఉడికిన చేప, ముళ్లు తీసి. ఉల్లి, ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ దగ్గరికి రానివ్వొద్దు. ఇంటికొచ్చిన డ్రైఫ్రూట్ డబ్బాల్లో మకడమియా ఉంటే అది కుక్కకి విషం, జీడిపప్పే కదా అని పొరపడొద్దు.

ప్రశ్న: ఎండాకాలం ట్రైనింగ్ ఆపేయాలా? పోయిన మే నెలలో మా కుక్క గ్రౌండులోనే పడిపోయింది. (చీపురుపల్లి)

ఆపక్కర్లేదు, తెల్లారకముందే ముగించెయ్యండి. కుక్కకి మనలా ఒళ్లంతా చెమట పట్టదు, రొప్పుతూ నాలుక మీది తడి ఆరితేనే చల్లబడుతుంది. మన వైపు గాలిలోనే తేమ, ఇక ఆ తడి ఎక్కడ ఆరుతుంది? అందుకే మబ్బేసిన రోజున కూడా ఉక్కపోతగా ఉంటే ప్రమాదమే. రొప్పు ఆగకపోయినా, నాలుక ముదురు ఎరుపెక్కినా, చొంగ తీగలు సాగినా, నడక తూలినా వెంటనే నీడకి తీసుకెళ్లి ఒళ్లంతా మామూలు నీళ్లు కుమ్మరించండి, విసరండి, ఆ తర్వాతే బండెక్కించండి. తడిగుడ్డ కప్పి వదిలెయ్యొద్దు, అది వేడిని లోపలే పట్టి ఉంచుతుంది. ఒకసారి పడిపోయిన కుక్క మళ్లీ పడిపోవడానికి ఎక్కువ వీలుంది, మీ కుక్కతో ఈసారి ఇంకా జాగ్రత్త. వానలు మొదలయ్యాక పిడుదుల సంగతి చూసుకోండి, గ్రౌండు నుంచి రాగానే చెవులూ వేళ్ల సందులూ వెతకాలి.

ప్రశ్న: ఎడ్లపందేలు చూశాం, కోడిపందేలు చూశాం, ఈ కుక్కల పోటీలేటండీ? మీకు పనీపాటా లేదా? మా మనవడు మీ పత్రిక చదివి కుక్కని కొనమని ప్రాణం తీస్తున్నాడు. (నరసన్నపేట)

అయ్యా, నమస్కారం. పనీపాటా లేదన్నమాట నిజమే, రిటైరయ్యాను కదా.

పందెం అనుకుని వస్తే మీకు నిరాశే. పోటీ రోజున గెలిచేవాడికి ఒక కప్పు ఇస్తారేమో, అంతకుమించి డబ్బులేం లేవు, పైగా జాడ పరీక్ష చూడ్డానికి పొలంలో గంటలకొద్దీ నిలబడాలి. కానీ మీ వయసువాళ్లు గట్టు మీద చేరి, కుక్క మలుపు దగ్గర ఆగి, వెనక్కొచ్చి, ముక్కు ఆనించి, మళ్లీ సరైన దారి పట్టుకున్నప్పుడు 'ఆ, దొరికిందిరా!' అని కేకేయడం నేను చూశాను. పరీక్షలో అయితే అలా అరవకూడదు, ఆదివారాల్లో ఏం పర్లేదు.

మనవడికి కుక్కని కొనకండి. ఇప్పుడే వద్దు. నాలుగు ఆదివారాలు మా దగ్గరికి పంపండి. మొదటివారం తాళ్లు చుట్టడం, గిన్నెల్లో నీళ్లు మార్చడం. రెండోవారం కుక్కలు పోసిన పెంట కవరుతో ఎత్తడం, ఇది మా క్లబ్బులో అందరూ చెయ్యాల్సిందే, నేనూ చేస్తాను. మూడోవారం జాడ కోసం పొలంలో నడవమంటాం, కొత్త మనిషి అడుగులు మాకెప్పుడూ కొరతే. నాలుగోవారం ఐదింటికి వాణ్ని లేపాల్సి వచ్చిందా, వాడే లేచి మిమ్మల్ని లేపాడా, ఆ ఒక్కటీ నాకు రాయండి.